రెండు గాట్ల జల్దీ

మా కారు స్టీరింగు చక్రం నడిమధ్యన చిటికెన వేలంత ఇత్తడి మీట ఉంటుంది. దాని కింద అర్ధచంద్రంలా వంగిన రేకు, ఆ రేకు అంచున రంపానికి ఉన్నట్టు గాట్లు. మీటను జరిపితే ఒక్కో గాటులో టిక్కుమని కూర్చుంటుంది. రేకుకు ఒక కొసన ఇంగ్లీషులో ఎర్లీ అనీ, రెండో కొసన లేట్ అనీ చెక్కారు. తాత వాటిని ఆ పేర్లతో పిలవడు. ఆయనకు ఒకటి జల్దీ, ఇంకొకటి దేర్. రాయచూరు అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఈ రెండు మాటలు వేరే భాషవన్న ఆలోచనే రాదు.

చిన్నప్పటి నుంచీ శుక్రవారం పొద్దున ఆ మీట మీద వేలు పెట్టి డ్రైవరు సీట్లో కూర్చోవడం నా పని. తాత బయట కారు ముందర నిలబడి హ్యాండిలు తిప్పుతాడు. ఇంజను అందుకోగానే నేను మీటను మెల్లగా జల్దీ వైపు తీసుకుపోవాలి. ఆ తర్వాత పక్క సీట్లోకి జరిగితే నాయన ఎక్కి బండి నడుపుతాడు. ఎవరితో మాట్లాడనక్కర్లేదు, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. అందుకే ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. ఎం.ఏ. అయిపోయి, ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాక కూడా, పోయిన ఎండాకాలం దాకా అది నాదే. ఆ ఎండాకాలం తర్వాత మాత్రం ఆ మీటను తలుచుకుంటేనే అరచేయి చెమట పట్టేది.

కారు మా ముత్తాత కాలంలో వచ్చింది. నిజాం రాజ్యం పోయే రోజుల్లో ఒక జాగీర్దారు ఇల్లు ఖాళీ చేస్తుంటే కొన్నాడట. పొడుగాటి ముక్కు, పెళ్ళి వంటల గుండిగలంత లైట్లు. మాది ఇత్తడి సామాన్ల అంగడి. మా ఇంట్లో దేన్ని చూసినా ఏదో ఒక గిన్నెతో పోల్చడం అలవాటు.

శుక్రవారం అంగడి తెరిచే ముందు లక్ష్మీదేవి పటానికి వేసే దండ, కొబ్బరికాయ, ఆ వారం మొదట అమ్మాలనుకున్న ఇత్తడి బిందె ఆ కారులోనే పోవాలి. కారుకు సెల్ఫ్ ఉంది. మిగతా రోజుల్లో బొత్తాం నొక్కితే లేస్తుంది. శుక్రవారం మాత్రం చేత్తో తిప్పాలి, అదీ ఇంటివాళ్ళ చెయ్యే కావాలి. బొత్తాంతో లేచిన ఇంజను బోణీ కిందికి రాదంటాడు తాత. మొదటి తిప్పుకే అందుకుంటే వారమంతా బేరాలు బాగుంటాయి. రెండో తిప్పయితే పరవాలేదు. అంతకు మించితే ఎదురుగా ఉన్న ఎండుమిరపకాయల షావుకారు కూడా మొహం చిట్లిస్తాడు. మా ఇంజను చప్పుడు విన్నాకే తన షట్టరు పూర్తిగా ఎత్తడం ఆయనకు వాళ్ళ నాయన నుంచి వచ్చిన అలవాటు. ఆయన్ని చూసి మరి కొందరు. అందుకని శుక్రవారం పొద్దున మా సందులో సగం ఎత్తిన షట్టర్లు చాలా ఉంటాయి, వాటి కింద కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటాయి.

జల్దీ, దేర్ అంటే ఏమిటో తెలియకుండానే నేను చాలా ఏళ్ళు ఆ మీటను జరిపాను. కాలేజీలో చదివేటప్పుడు గ్రంథాలయంలో ఎవరూ ముట్టని అరలో పాత మోటారు పుస్తకాలు దొరికాయి. నవలలు చదవాల్సిన గంటల్లో వాటిని చదివాను. ఇంజను లోపల పిస్టను పైకి వస్తూ పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి నొక్కుతుంది. అది పైకొసకు చేరేవేళకు నిప్పురవ్వ పడాలి. మంట అంటుకుని బలం పుంజుకోవడానికి రెప్పపాటులో ఏదో ఒక వంతు పడుతుంది. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు ఆ కాస్త ఆలస్యం కూడా ఎక్కువే, అందుకని రవ్వ ముందుగా పడాలి. అది జల్దీ. మెల్లగా తిరిగేటప్పుడు తొందర లేదు, పిస్టను కొసకు చేరాక పడినా చాలు. అది దేర్. చేత్తో తిప్పేటప్పుడు ఇంజను ఎంత మెల్లగా తిరుగుతుందో చెప్పక్కర్లేదు. అప్పుడు గనక మీట జల్దీ వైపు ఉంటే, పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట లేచి దాన్ని వెనక్కి తోస్తుంది. ఆ తోపు హ్యాండిలుకు వస్తుంది. హ్యాండిలు పట్టుకున్న చేతికి వస్తుంది.

తరువాతి కార్లలో ఈ పని ఇంజనే చూసుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ చిన్న ఇనుప దిమ్మలు స్ప్రింగులను సాగదీసి విచ్చుకుంటాయి, రవ్వ తనంతట తాను ముందుకు జరుగుతుంది. మామూలు కార్లలో మీట మాయమయ్యాక కూడా కొన్ని గొప్పింటి కార్లలో దాన్ని అట్టే పెట్టారట. ఎందుకో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చప్పుడు రాకూడదని. మీటను దేర్ వైపు లాగితే నిలబడి ఉన్న కారు ఇంజను గుసగుసలాడినట్టు తిరుగుతుంది. దొర గుమ్మం దిగి వచ్చి సీట్లో కూర్చునే వరకు ఇంజను ఉన్నట్టే తెలియకూడదు. అలాంటి కారు కొనేవాడికి జీతానికి డ్రైవరు ఉంటాడు, ఆ డ్రైవరుకు చెవులుంటాయి, ఇంజను ఏమంటోందో విని మీట జరుపుకుంటాడు అనుకున్నారు దాన్ని తయారు చేసినవాళ్ళు. మనిషి చెవి మీద, వేలి మీద అంత నమ్మకం పెట్టడం నాకు నచ్చింది. హ్యాండిలు తిప్పే చెయ్యి ఎనభై దాటిన మనిషిది కావచ్చని మాత్రం వాళ్ళకు తట్టి ఉండదు.

మా కారుకు రవ్వనిచ్చేది మాగ్నెటో. దానికి బ్యాటరీతో పని లేదు. ఇంజనుతో పాటు తిరుగుతూ రవ్వ పుట్టిస్తుంది. దాంతో ఒక చిక్కుంది. మెల్లగా తిప్పితే రవ్వ పల్చనగా పడుతుంది. మీటను పూర్తిగా దేర్ కొసకు పెడితే ఇంకా పల్చన. చేతికి భద్రమే, కానీ మొదటి తిప్పుకు అందుకోవడం అరుదు. తాత ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, తిప్పీ తిప్పీ కనిపెట్టాడు. కనిపెట్టి, బోణీ కోసం తన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు.

"దేర్ నుంచి రెండు గాట్లు జల్దీకి పెట్టు బిడ్డా" అనేవాడు ప్రతి శుక్రవారం, హ్యాండిలు తొడుగుతూ.

రెండు గాట్లకు రవ్వ దిట్టంగా పడుతుంది, ఇంజను మొదటి తిప్పుకే లేస్తుంది. హ్యాండిలు ఎగరవచ్చు, ఎగరకపోవచ్చు. ఎన్నో ఏళ్ళు ఎగరలేదు.

ఎండలు ముదిరిన ఒక శుక్రవారం ఎగిరింది. నేను సీట్లో ఉన్నాను కాబట్టి చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఒక చప్పుడు, కారు ముక్కు ఒకసారి ఊగింది, అద్దంలోంచి కనిపిస్తున్న తాత తలపాగా కనిపించకుండా పోయింది. నేను దిగేసరికి ఆయన నేల మీద కూర్చుని, కుడి మణికట్టును ఎడమ చేత్తో ఒడిలో పెట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వు అంటే పళ్ళు కనిపిస్తున్నాయి, అంతే. సగం ఎత్తిన షట్టర్ల కింది నుంచి మనుషులు వంగి బయటికొచ్చారు.

"ఏం లేదు, ఏం లేదు. గుర్రం తన్నింది" అన్నాడు తాత.

"గుర్రమైతె ముసలిదైనంక ఊకుంటది" అంది అవ్వ గుమ్మంలోంచి. "నీకెప్పుడొస్తదో ఆ బుద్ధి."

ఎముక విరగలేదు. కానీ ఎక్స్‌రే ఫోటో చూసి డాక్టరు నాయనను పక్కకు పిలిచాడు. ఎముకలు బోలుగా అయిపోయాయి, ఇంకొక్క దెబ్బ ఇలాంటిది తగిలితే విరుగుతుంది, ఈ వయసులో మళ్ళీ అతుకుతుందన్న మాట నేను ఇవ్వలేను అన్నాడు. తాత పక్కనే కుర్చీలో కూర్చుని గోడ మీది క్యాలెండరు చదువుతున్నట్టు నటించాడు. అంతా విన్నాడని బిగుసుకున్న ఆయన మెడ చూస్తే తెలిసింది.

కట్టు ఉన్నన్నాళ్ళు శుక్రవారం బొత్తాం నొక్కి కారును అంగడికి తీసుకుపోయారు. నాయనకు నడుము ఆపరేషను అయింది, బరువైనదేదీ తిప్పకూడదు. ఆ వారాల్లో బేరాలు నిజంగానే మందగించాయి. పెళ్ళిళ్ళ రోజులు అయిపోతే ఎప్పుడూ మందగిస్తాయి, కానీ తాత ఆ మాట ఒప్పుకోడు. శుక్రవారం పొద్దున లోపలి గదిలో మంచం మీద కూర్చుని, సెల్ఫ్ మోటారు కుయ్యిమనే చప్పుడు వినగానే కళ్ళు మూసుకునేవాడు.

వాపు తగ్గాక, ఒక మంగళవారం అన్నం తింటూ చెప్పాడు.

"వచ్చే శుక్రారం నేనే తిప్పుత."

నాయన ముద్ద చేతిలోనే ఆపేశాడు. "డాక్టరు ఏం చెప్పిండో నీకు చెప్పలేదా?"

"డాక్టరుకు మోటర్లు ఎరికనా? నాకు ఎరికే. రెండు గాట్లకు ఏం కాదు. ఆ పొద్దు నా పట్టు తప్పింది, బొటనవేలు అడ్డం పెట్టిన. గంతే."

"మరి పూరా దేర్‌ల పెట్టి తిప్పరాదు?"

"పూరా దేర్‌ల పెడితె నాలుగు తిప్పులు పడతది. సందుల నలుగురు నవ్వుతరు. అంగడి పేరు ఏం గావాలె?"

"చెయ్యి ఏం గావాలె?" అన్నాడు నాయన.

అవ్వ చారు వడ్డిస్తూ అంది, "మోటరుకు జలుబు జేస్తె ఉస్తాదు ఉరికొస్తడు. నాకు జలుబు జేస్తె మిరియాలు నేనే దంచుకోవాలె. ఇప్పుడు ఈ షావుకారి చెయ్యి ఇరిగితె అన్నం తినిపించుడు గూడ నాకేనా?"

తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కుడి చేత్తో అన్నం కలుపుతుంటే మణికట్టు దగ్గర చర్మం ఇంకా పచ్చగా ఉంది.  శుక్రవారం ఆయన రెండు గాట్లు అంటాడు, నేను పెడతాను, ఇంకొక్క దెబ్బ అన్నాడు డాక్టరు. ఆ రాత్రి డైరీ తెరిచి పెట్టుకుని ఏమీ రాయకుండానే మూసేశాను.

బుధవారం సాయంత్రం నాయన మెకానిక్కు ఉస్తాదును పిలిపించాడు. తాత అంగట్లో ఉన్నాడు. ఉస్తాదు కారు కిందికి దూరి, మీట నుంచి మాగ్నెటో వరకు పోయే సన్నటి కడ్డీని చేత్తో తడిమి చూశాడు.

"ఈ రాడ్ ఊడదీసి, మాగ్నెటోను పూరా దేర్ మీద టైటు జేస్త" అన్నాడు కిందినుంచే. "పైన మీట తిరుగుతది, టిక్కు టిక్కు అంటది. కింద ఏం కాదు. షావుకార్‌జీకి తెల్వనే తెల్వదు."

"బండి నడుస్తదా?"

"నడుస్తది. దమ్ముండదు, గరమ్ అయితది. అంగడి దాక పోతది."

"అంగడి దాక పోతె చాలు" అన్నాడు నాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు తాతకు చెప్పకు. ఏం జెయ్యాలె, నోరు మూసుకోని కూసోవాలె. అది నీకు బాగ అలవాటే గద."

ఆయన వెక్కిరించలేదు, మెచ్చుకున్నాడు. అదే నాకు గుచ్చుకుంది. లోపలికి పోయి పుస్తకం తెరిచాను, ఒక్క అక్షరం ఎక్కలేదు. చేతికి దెబ్బ తగలదు, అది నిజం. నాలుగు తిప్పులకైనా ఇంజను లేస్తుంది. కానీ తాత నన్ను చూస్తాడు. రెండు గాట్లు పెట్టినవా బిడ్డా అంటాడు. పెట్టిన తాత అనాలి. ఇంజను అందుకోదు. ఆయన మళ్ళీ తిప్పుతాడు, తన చేతిలో బలం పోయిందనుకుంటాడు, పట్టు పోయిందనుకుంటాడు. ప్రతి శుక్రవారం కొంచెం కొంచెం అనుకుంటాడు. ఏదో ఒక రోజు మీట చచ్చిపోయిందని కనిపెడతాడు. ఇంజను మాటను వినడం ఆయనకు తెలుసు, గరమ్ అయిన వాసన తెలుసు. అప్పుడు ఆయన అడిగేది ఉస్తాదును కాదు, నాయననూ కాదు. మీట మీద వేలు ఎవరిది?

కడ్డీ ఊడదీయకపోతే చెయ్యి విరుగుతుంది. ఊడదీస్తే ఇది. రెండింటి మధ్య నాకు నిద్ర పట్టలేదు.

ఒక వాక్యం మాత్రం దొరికింది. చిన్న వాక్యమే. దాన్ని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. అనుకున్న కొద్దీ వెర్రిగా వినిపించింది. గురువారం ఉస్తాదు పానాల సంచి తెచ్చి కారు పక్కన పరిచినప్పుడు, అది నోట్లోంచి నాకంటే ముందే బయటికొచ్చింది.

"నేను తిప్పుత నాయన."

నాయన వినలేదనుకున్నాను. ఉస్తాదు కారు కింద సగం దూరినవాడు ఆగిపోయాడు.

"ఏంది?"

"హ్యాండిలు. నేను తిప్పుత. తాత మీట కాడ కూసుంటడు. ఇంటి చెయ్యే గద."

నాయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "అంగట్లకు ఎవరన్న వస్తె కంబం ఎనక నిలబడేదానివి. సందుల అందరి ముంగట ఒంగి మోటరు తిప్పుతవా?"

 నా దగ్గర ఉన్న వాక్యం అయిపోయింది.

"తిప్పి చూపియ్యి బేటీ" అన్నాడు ఉస్తాదు నవ్వుతూ. మాగ్నెటోను బందు చేసి హ్యాండిలు తొడిగి, పట్టు నేర్పాడు. బొటనవేలు హ్యాండిలు చుట్టూ వేయకూడదు, మిగతా వేళ్ళతో కలిపి ఒకే వైపు పెట్టాలి, కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి ఎప్పుడూ తొయ్యకూడదు, ఎగిరితే చెయ్యి దానంతట అదే జారాలి. తాతకు కూడా ఇవన్నీ తెలుసు. తెలిసినా ఆ రోజు బొటనవేలు పోయి చుట్టుకుంది. మొదటిసారి లాగితే హ్యాండిలు గోడలా కదలలేదు. రెండోసారి సగం వచ్చింది. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి లాగితే పూర్తిగా వచ్చింది, లోపల పిస్టన్లు నిట్టూర్చినట్టు చప్పుడైంది. నా జడ బానెట్టు గొళ్ళేనికి చిక్కుకుంది.

"జడ ముడేసుకో మొదలు" అన్నాడు నాయన. అదే ఒప్పుకోవడం. తర్వాత అన్నాడు, "మీ తాత ఒప్పుకోడు. ఒప్పియ్యి. రేపు ఆయన హ్యాండిలు పట్టేలోపల నీ నోరు తెరవకపోతె, అందరి ముంగట నేను సెల్ఫ్ నొక్కుత. ఆయన తిట్టినా సరే. సోమారం ఉస్తాదు రాడ్ ఊడదీస్తడు."

ఆ సాయంత్రమంతా తాతకు చెప్పాలని తిరిగాను. ఆయన వరండాలో కూర్చుని హ్యాండిలుకు కొబ్బరినూనె రాస్తున్నాడు. పాత కాలం పాట ఏదో గొణుక్కుంటున్నాడు. చాలా వారాల తర్వాత ఆయన మొహం వెలుగుతోంది. మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి నిలబడ్డాను. "ఏమే?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను. మళ్ళీ టీ ఇచ్చి నిలబడ్డాను. "ఏందే పిల్లా, ఏమన్న గావాల్నా?" అన్నాడు. తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేశాను. 

శుక్రవారం తెల్లారింది. కారును సందులోకి తోశారు. తలుపుకు పసుపు బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు, వెనక సీట్లో దండ, కొబ్బరికాయ, బిందె. ఎదురు మిరపకాయల ఘాటుకు అప్పుడే ఎవరో తుమ్ముతున్నారు. కారు వెనక సిరవారం నుంచి పెళ్ళి సామాన్లకు వచ్చిన ట్రాక్టరు ఒకటి దారి లేక ఆగిపోయింది. షట్టర్ల కింద కాళ్ళు. నాయన డ్రైవరు పక్క తలుపు దగ్గర నిలబడ్డాడు, చెయ్యి లోపలికి పెట్టి, సెల్ఫ్ బొత్తానికి జానెడు దూరంలో. తాత కొత్త తలపాగా చుట్టుకుని హ్యాండిలు తీసుకుని కారు ముందుకు నడిచాడు.

"ఎక్కు బిడ్డా. రెండు గాట్లు."

నేను ఎక్కలేదు. కారు ముక్కు దగ్గరికి పోయి నిలబడ్డాను. జడ ముడి వేసుకుని ఉన్నాను. అది చూశాక ఆయన నా మొహం చూశాడు.

"తాత, నేను తిప్పుత."

"ఏంది?"

"నేను తిప్పుత. నువ్వు కూసో."

నా గొంతు నాకే వినపడనంత సన్నగా వచ్చింది. కానీ సందు ఆ సమయంలో నిశ్శబ్దంగా ఉంది, మిరపకాయల షావుకారుకు కూడా వినపడింది. "అరెరె, మనమరాలు మోటరు తిప్పుతదంట" అన్నాడు షట్టరు కింది నుంచే. ఎవరో నవ్వారు. నా చెవులు మండిపోయాయి. నేల చీలితే బాగుండును అనిపించింది.

"నడువు నడువు, తమాషా జెయ్యకు" అన్నాడు తాత మెల్లగా. "ఆడపిల్లవి. హ్యాండిలు ఎగిరిందంటె చెయ్యి ముక్కలైతది. నీకు పెండ్లి గావాలె, రాసుకునే చెయ్యి అది."

ఈ మాటకు నేను ఏ జవాబూ తయారు చేసుకోలేదు. అది అక్కడికక్కడ వచ్చింది.

"రెండు గాట్లకు ఏం కాదన్నవు గద తాత."

ఆయన హ్యాండిలు రెండు చేతుల్లో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాయన బొత్తాం దగ్గరి చెయ్యి కదలలేదు. గుమ్మంలో అవ్వ కొంగు నడుముకు దోపుకుని చూస్తోంది. వెనక ట్రాక్టరు మీది రైతు మాత్రం ఓపిక పోయి, బండి లేవడం లేదా అని కేకేశాడు.

"యాక్రీ షావుకార్రే, గాడి చాలూ ఆగవల్దేన్రీ?"

"ఆగ్తద, ఆగ్తద! తడీరి స్వల్ప!" అని, కాస్త ఓపిక పట్టమని తాత కన్నడంలోనే కసిరాడు. హ్యాండిలు నా చేతిలో పెట్టాడు. పెట్టి, నా బొటనవేలును పట్టుకుని మిగతా వేళ్ళ పక్కకు జరిపాడు. తర్వాత నాయనను తప్పుకొమ్మని చేత్తో సైగ చేసి, నా సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

అద్దంలోంచి ఆయన తలపాగా, భుజాలు కనిపిస్తున్నాయి. మీట మీద చెయ్యి కనిపించలేదు. హ్యాండిలు తొడిగాను. రెండు గాట్లు, రెండు గాట్లు అని గుండె కొట్టుకుంటోంది. ఇన్నేళ్ళు లోపల కూర్చుని మీట జరిపినదాన్ని, దాని ఇవతల నిలబడటం ఎలా ఉంటుందో ఎప్పుడూ ఊహించలేదు. లోపలున్న మనిషి ఏ గాటు మీద పెట్టాడో చూడటానికి వీల్లేదు, నమ్మి వంగడమే. కళ్ళు మూసుకుని పైకి లాగాను.

హ్యాండిలు బరువుగా, బుద్ధిగా వచ్చి ఆగింది. ఇంజను ఒకసారి ఊపిరి వదిలింది. అంతే. తన్నలేదు, లేవలేదు.

రెండు గాట్ల మీద ఉంటే దగ్గైనా దగ్గేది. తల ఎత్తి చూశాను. తాత నన్ను చూడటం లేదు, ఎదురుగోడ మీది సున్నం చూస్తున్నాడు.

"ఇంకొకసారి" అన్నాడు.

రెండోసారీ అంతే. "ఇయ్యాల మిరపకాయలు అమ్మినట్టే" అన్నాడు షావుకారు. మూడోసారికి చెమట కళ్ళలోకి కారింది. లాగుతూ అడిగాను, "పూరా దేర్‌ల పెట్టినవా తాత?"

"నువ్వు తిప్పు. మాటలొద్దు."

నాలుగో తిప్పుకు లోపల ఎక్కడో చిన్నగా అంటుకుంది. ఒక తుమ్ము, ఇంకో తుమ్ము, తర్వాత వరసగా, మెత్తగా, చెవి పెట్టి వింటే తప్ప తెలియనట్టు. గొప్పింటి గుమ్మం ముందు నిలబడటానికి చేసిన చప్పుడు అది. తాత వెంటనే జరపలేదు. కాసేపు విన్నాడు. నేను హ్యాండిలు ఊడదీసి పక్కకు తప్పుకున్నాకనే మీటను జల్దీ వైపు తీసుకుపోయాడు. ఇంజను గొంతు గాటు గాటుకు విచ్చుకుంది.

"నాలుగు తిప్పులు!" అన్నాడు షావుకారు. "ఇట్లయితె మా బోణీ ఎట్ల?"

"నీ మిరపకాయలు నా మోటరు అమ్ముతదా?" అన్నాడు తాత కిటికీలోంచి. "షట్టర్ ఎత్తు ముందు. పొద్దెక్కింది."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే సందులో ఎవరూ నమ్మినట్టు లేరు. నాయన ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. తాత పక్కకు జరిగాడు, నేను ఆ అంచున కూర్చున్నాను.  తాత నా కుడి చేతిని తీసుకుని, అంగట్లో బిందెకు సొట్ట ఉందేమో చూసేటప్పటి లాగానే, ఇటు తిప్పి అటు తిప్పి చూసి వదిలేశాడు. 

సోమవారం ఉస్తాదు రాలేదు, నాయన రమ్మనలేదు. అప్పటి నుంచి శుక్రవారం హ్యాండిలు నాది, మీట తాతది. జనం ముందు వంగడానికి నాకు ఇప్పటికీ గురువారం రాత్రి నుంచే బెంగ పట్టుకుంటుంది. అలవాటవుతుందిలే అంటుంది అవ్వ, అవలేదు. మొన్న చలికి ఇంజను బిగుసుకుపోయి ఆరు తిప్పులకు కూడా లేవలేదు. భుజం పట్టేసింది. షావుకారు దగ్గుతున్నాడు. అలసిపోయి కిటికీ దగ్గరికి పోయి, ఒక్క గాటు ఎక్కించు తాత, ఏం కాదు, పట్టు తెలిసింది నాకు అన్నాను.

తాత వినపడనట్టు గోడ వైపు చూశాడు. ఆయన వేలు దేర్ కొసనే ఉంది, మీట ఎక్కడ జారిపోతుందోనన్నంత గట్టిగా నొక్కి పట్టుకుని.